గొర్రెలు కొండ దిగే పండుగ

తిరుమల ఐస్‌లాండ్‌ను ఎన్నడూ చూడలేదు. అయినా ఆ దేశంలో ఏ నెలలో ఏ పండుగ వస్తుందో, ఆ రోజు ఏం వండుతారో, బయటినుంచి వెళ్లినవాళ్లు ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. సూరత్‌లో అడాజణ్ వైపున్న ఒక ట్రావెల్స్ ఆఫీసులో ఆరేళ్లుగా ఆమె పని అదే. దుబాయి, స్విట్జర్లాండు చూసి చూసి విసిగిన వజ్రాల వ్యాపారులు, చీరల వ్యాపారులు వచ్చి "ఇంకేదైనా కొత్తది చూపించు బెన్" అని, అక్కను అడిగినట్టు అడిగి కూర్చునేవారు. తిరుమల వాళ్ల ముందు పండుగల పట్టిక పరిచేది.

జనవరి చివర్లో ఒక పండుగ ఉంది. రెండు నెలలపాటు కొండల చాటున ఉండిపోయిన సూర్యుడు మళ్లీ ఊరిమీదికి తొంగిచూసిన రోజున అందరూ కలిసి కాఫీ తాగి పల్చటి తీపి అట్లు తింటారు. ఏప్రిల్‌లో, మంచు ఇంకా పడుతూండగానే, 'నేటినుంచి వేసవి' అని పిల్లలకు కానుకలిచ్చి ఊరేగింపు తీసే రోజు ఒకటి. క్రిస్మస్‌కు ముందు రోజుకొకడు చొప్పున కొండ దిగి వచ్చే పదమూడుగురు అల్లరి అన్నదమ్ముల పండుగ ఇంకొకటి. కానీ వచ్చినవాళ్లు ఎక్కువగా మనసుపడేది సెప్టెంబరు పండుగ మీద. వేసవంతా కాపరి లేకుండా కొండలమీద తిరిగిన గొర్రెలను రైతులు గుర్రాలెక్కి వెళ్లి రోజుల తరబడి వెతికి కిందికి తోలుకొస్తారు. గుండ్రటి దొడ్డిలో వాటిని విడదీసి ఎవరివి వాళ్లు పట్టుకుంటారు. చూడవచ్చినవాళ్లూ దొడ్డిలోకి దిగవచ్చు. ఆపైన మాంసం పులుసు, పాటలు, ఆటలు.

2020 సెప్టెంబరుకు ఇరవై రెండుమంది ఆ ప్రయాణానికి పేర్లిచ్చారు. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆఫీసు మూతపడింది. యజమానురాలు హేతల్‌బెన్ ఫోన్ చేసింది.

"తిరుమలా, వీళ్ల మనసు చల్లారిపోకూడదు. ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక గంట వీడియోలో కూర్చోబెట్టు. వారానికొక పండుగ గురించి చెప్పు."

తిరుమల ఇల్లు డిండోలీలో. ఒక గది, వెనక వంటకు చిన్న అర. తండ్రి కనకయ్య భేస్తాన్‌లో సాంచాలు నడిపేవాడు. పాతికేళ్లుగా పగలు పన్నెండు గంటలో, రాత్రి పన్నెండు గంటలో మరమగ్గాల మోతలో ఉండి వచ్చి, తిని పడుకునే మనిషి. మోతకు అలవాటుపడి ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడేవాడు, లేదంటే అసలు మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు సాంచాలు ఆగిపోయాయి. గల్లీలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. ధర్మపురివైపు వాళ్లు, జగిత్యాలవైపు వాళ్లు దొరికిన బండి పట్టుకుని ఊళ్లకు పోయారు. బిడ్డ ఉద్యోగం నిలిచి ఉంది కాబట్టి కనకయ్య ఆగాడు. పగటిపూట ఇంట్లో ఏం చెయ్యాలో తెలియక గడపమీద కూర్చునేవాడు.

శనివారం మధ్యాహ్నాలు తిరుమల గోడకు తెల్లటి దుప్పటి కట్టి, దాని ముందు కూర్చుని హిందీలో, గుజరాతీలో మాట్లాడేది. తల్లి బుచ్చవ్వ గిన్నె చప్పుడు చెయ్యకుండా వంట అరలో ముడుచుకుని కూర్చునేది. కనకయ్య గడపమీదినుంచి వినేవాడు. మొదటి వారం సూర్యుడి పండుగ గురించి చెప్పి ఫోన్ ఆపగానే అడిగాడు.

"నిజమే చెప్తున్నవా బిడ్డా? రెండు నెలలు పొద్దే పొడువదా?"

"పొడువదు బాపూ. కొండలు అడ్డమొస్తయ్."

"మరి వచ్చిన నాడు చాయ్ తాగుతరు. మంచిగున్నది." అన్నాడు. "నైట్ షిఫ్టులున్నప్పుడు నేను గూడ నెలలకు నెలలు పొద్దు జూడలే. ఎవలూ చాయ్ పొయ్యలే."

వంట అరలోంచి బుచ్చవ్వ నవ్వింది. చాలా రోజుల తరవాత ఆ ఇంట్లో వినిపించిన నవ్వు అది.

గొర్రెల పండుగ వంతు మే నెలలో వచ్చింది. తిరుమల ఎప్పటిలాగే కరపత్రంలో ఉన్న మాటలు చెప్పింది. వేలకొద్దీ గొర్రెలు దొడ్డిలో కలిసిపోతాయనీ, రైతులు ఒక్కొక్కదాన్ని పట్టుకుని నంబరు బిళ్ల చూసి తమ అరలోకి లాక్కుపోతారనీ చెప్పి ముగించింది. కనకయ్య లోపలికి వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు.

"గట్ల గాదు. బిళ్ల సూసేదాన్క గొర్రె ఆగుతదా? చెవి సూస్తరు. చెవికి కోత ఉంటది. గా ఫోటో పెద్దగ జెయ్యి."

తిరుమల ఫోటో పెద్దది చేసింది. నిజమే, గొర్రె కుడిచెవి కొన వాలుగా కోసి ఉంది. ఎన్నివందలసార్లు ఆ ఫోటో చూపించిందో, ఆమె ఎన్నడూ గమనించలేదు.

"నీకెట్ల తెల్సు బాపూ?"

"నేను కురుమోన్ని. నాకు తెల్వకుంటే నీకు తెలుస్తదా?"

తాము కురుమలని తిరుమలకు తెలుసు. బడి కాగితాల్లో రాసిన మాటగానే తెలుసు. సూరత్‌లో పుట్టి పెరిగిన ఆమెకు తండ్రి అంటే సాంచాలే. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆయన చెప్పాడు. ధర్మపురి అవతల తమకు నూటనలభై గొర్రెలుండేవట. కుడిచెవికి రెండు గాట్లు, ఎడమచెవి కొన కోత తమ ఇంటి గుర్తట. నాలుగు మందలు కలిసిన చోట కూడా ఆయన ఒక్క జీవాన్ని పొరపాటుగా పట్టేవాడు కాదట. ఒక వానాకాలం నీలినాలుక రోగం వచ్చింది. నోళ్లు వాచి, మేత ముట్టక, రోజుకు ఐదారు చొప్పున పడిపోయాయి. దసరా నాటికి పదకొండు మిగిలాయి. వాటిని కటికాయనకు తోలిచ్చి, ఆ వారమే సూరత్ రైలెక్కాడు.

"గప్పట్నుంచి గొర్రెను ముట్టలే" అన్నాడు.

"ఇన్నేండ్లు ఒక్కమాట గూడ చెప్పకపోతివి."

"నువ్వడుగలే. నాకు యాళ్ల దొరకలే."

ఆ తరవాత శనివారాల్లో కనకయ్య గడపమీద కూర్చోలేదు. ఉతికిన చొక్కా వేసుకుని, దుప్పటి ముందు బిడ్డ పక్కన కూర్చునేవాడు. పేర్లిచ్చినవాళ్లు మొదట ఆశ్చర్యపోయారు. రెండు వారాలకే "కాకా ఎక్కడ? కాకా రాలేదా?" అని అడగసాగారు. ఆయన విరిగిన హిందీలో గొర్రె ఈనడం గురించీ, తోడేలు వాసన పట్టిన మంద ఎలా ఒక్కముద్దగా చేరుతుందన్నదాని గురించీ చెప్పేవాడు. హేతల్‌బెన్ కూడా వచ్చి వినేది.

సెప్టెంబరు వచ్చింది. ప్రయాణం లేదు. అక్కడ కూడా ఆ ఏడు చూడవచ్చేవాళ్లను దొడ్డి దగ్గరికి రానివ్వలేదు. మందలున్న ఇళ్లవాళ్లు మాత్రమే దిగాలన్నారు. ఇరవై రెండుమంది దిగవలసిన పల్లెలో అతిథిగృహం నడిపే హల్దోరా అనే ఆవిడకు కూడా గొర్రెలున్నాయి. అరవైకి దగ్గర మనిషి. రాలేనివాళ్లకు తన ఫోన్‌లో చూపిస్తానంది.

రెండో శనివారం, ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర. అక్కడ పొద్దున పది. ఫోన్‌లో ముందు బూడిదరంగు ఆకాశం, పచ్చగడ్డి, తరవాత కొండమీదినుంచి తెల్లటి ధారగా దిగుతున్న గొర్రెలు కనిపించాయి. వాటి అరుపులు డిండోలీ గదినిండా కమ్ముకున్నాయి. బుచ్చవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కనకయ్య ఫోన్‌మీదికి వంగిపోయాడు. హల్దోరా ఒక గొర్రెను కాళ్లమధ్య ఇరికించి పట్టుకుని, దాని చెవి కెమెరాకు చూపించింది. ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

"వాళ్ల తాతల నాటి గుర్తట బాపూ. ఎడమచెవి కొన కోత, కింద ఒక గాటు. అక్కడ అందరి గుర్తులూ ఒక పుస్తకంల అచ్చేస్తరట."

"అడుగు, అడుగు. కోసేటప్పుడు నెత్తురు ఆగనీకి ఏం బెడ్తరు? మేం బూడిద బెడుతుంటిమి."

తిరుమల అడిగింది. హల్దోరా పెద్దగా నవ్వి, వాళ్ల నాయనమ్మ కూడా ఏదో పూసేదనీ తనకు గుర్తులేదనీ చెప్పింది. ఆయన గుర్తు ఏమిటని అడిగింది. కనకయ్య బిడ్డ నోటుపుస్తకంలో రెండు చెవులు గీసి, గాట్లు పెట్టి కెమెరా ముందు పట్టుకున్నాడు. హల్దోరా దాన్ని చాలాసేపు చూసి, అలాంటి గుర్తు తమ లోయలో ఎవరికీ లేదు, కావాలంటే ఆ గుర్తుతో ఇక్కడికి రావచ్చు అంది. ఇరవై రెండుమంది చప్పట్లు కొట్టారు. కనకయ్య తెల్లగడ్డం నిమురుకుంటూ సిగ్గుపడ్డాడు.

"హల్దోరమ్మకు చెప్పు, నాకు పాస్‌పోర్టు లేదని. మా బిడ్డకున్నదని."

ఆ సాయంత్రం హేతల్‌బెన్ ఫోన్ చేసి, వచ్చే ఏడు బృందంతో నువ్వే వెళ్తావు అంది. కనకయ్య ఆ మాట గల్లీలో కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు.

దీపావళి తరవాత సాంచాలు నడిచాయి. కనకయ్య మళ్లీ పనిలోకి పోయాడు. సంక్రాంతి గాలిపటాలూ అయిపోయాయి. రోగం పోయిందనే అనుకున్నారంతా. మార్చి చివర్లో మళ్లీ మొదలైంది. ఈసారి గల్లీలోకే వచ్చింది.

ఏప్రిల్ రెండోవారంలో ముందు తిరుమలకు జ్వరం వచ్చింది. మర్నాడు బుచ్చవ్వ పడింది. కనకయ్య వాళ్లిద్దరికీ గంజి కాచి, తడిగుడ్డలు వేసి, మూడోనాడు తానూ దగ్గాడు. తిరుమల మొదట పట్టించుకోలేదు. ఐదోనాడు ఆయన గోడకు ఆనుకుని కూర్చుని మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంటే భయపడింది. ఎన్నో ఫోన్లు చేసింది. ఆఖరికి అంబులెన్సు వచ్చింది. తోడు ఎవరూ రాకూడదన్నారు. రాగలిగే స్థితిలో కూడా ఎవరూ లేరు. కనకయ్య తానే గడప దిగాడు.

"పదిరోజులల్ల వస్త. అవ్వకు యాళ్లకు గోళీలియ్యి" అన్నాడు. బుచ్చవ్వ పడుకున్నచోటినుంచి లేవలేక చెయ్యి మాత్రం ఎత్తింది. ఆయన చూశాడో లేదో.

నాలుగురోజులు ఫోన్‌లో మాట్లాడాడు. మాస్కు గొట్టంలోంచి మాట సరిగా వినిపించేది కాదు. ఆఖరి రోజు ఒక నర్సు ఫోన్ పట్టుకుంది.

"శనివారం ఏం పండుగ జెప్తున్నవ్?" అని అడిగాడు.

"శనివారం కాదు బాపూ, ఈసారి బేస్తారమే. వాళ్లకు ఎండాకాలం మొదలయ్యే పండుగ. నేను చెప్తలేను. నువ్వొచ్చినంక చెప్త."

"జెప్పు బిడ్డా. నువ్వు చెప్తుంటే పానం మంచిగుంటది."

బేస్తవారం, ఏప్రిల్ ఇరవైరెండు. పొద్దున ఏడింటికి ఆసుపత్రినుంచి ఫోన్ వచ్చింది. అవతలి మనిషి పేరు అడిగి, వయసు అడిగి, తరవాత చెప్పాడు. శవాన్ని ఇంటికి ఇవ్వరనీ, నేరుగా శ్మశానానికి పంపుతారనీ, ఒక్కరు రావచ్చనీ చెప్పాడు. తిరుమల గోడ పట్టుకుని లేచి నాలుగడుగులు వేసి కూలబడింది. సాంచాల దగ్గర తండ్రితో కలిసి పనిచేసిన లక్ష్మీరాజం వెళ్లాడు. సాయంత్రం వచ్చి, కిటికీ బయట దూరంగా నిలబడి చెప్పాడు.

"మస్తు లైనున్నది బిడ్డా. నన్ను గేటు కాన్నే ఆపిండ్రు. బండిలకెళ్లి దించుతుంటే జూసిన. అన్నీ ఒక్కతీర్గ చుట్టిపెట్టిండ్రు. పేరు పిలిచిండ్రు గాబట్టి గదే అనుకున్న." ఆయన తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. "బూడిదకు తర్వాత రమ్మన్నరు."

తర్వాత అనేది రాలేదు. తల్లీకూతుళ్లు లేచి నడవడానికి నెల పట్టింది. పెద్దకర్మ అంటూ ఏమీ జరగలేదు. ఊరినుంచి చుట్టాలు ఫోన్‌లో ఏడ్చారు. బూడిద సంగతి ఎత్తితే బుచ్చవ్వ లేచి వంట అరలోకి పోయేది. ఆయన ఎప్పుడూ షిఫ్టుకు పోయినట్టే పోయాడు. తలుపు తీసుకుని వస్తాడేమోనని ఆమె మధ్యాహ్నం పడుకునేది కాదు. అది తెలిసి తిరుమల కూడా అడగడం మానేసింది. అడగకపోవడమే మేలని తనకు తాను చెప్పుకుంది. లోపల మాత్రం, తన జ్వరమే ఆయనకు అంటుకుందన్న మాట కదలకుండా కూర్చుంది.

ఆగస్టులో హల్దోరా ఉత్తరం పంపింది. ఈ ఏడు కూడా దూరంనుంచి రాలేరని తెలిసింది, మళ్లీ ఫోన్‌లో చూపిస్తాను, మీ నాన్నగారి కోసం చెవి గుర్తుల పుస్తకం కూడా తీసిపెట్టాను అని రాసింది. ఏప్రిల్ తరవాత తిరుమల ఆఫీసు పనంతా చేసింది కానీ శనివారం వీడియోలు మళ్లీ ఎత్తలేదు. హేతల్‌బెన్ బలవంతపెట్టలేదు. ఇప్పుడు మాత్రం, "ఈ ఒక్కసారికి కూర్చో. లేదంటే నేను కూర్చుంటాను. నాకు గొర్రెల గురించి ఏమీ తెలియదు" అంది.

తిరుమల కూర్చుంది. సెప్టెంబరు రెండో శనివారం గోడకు తెల్లదుప్పటి కట్టింది. ఇరవై రెండుమందిలో పదిహేడుమందే వచ్చారు. మిగిలిన ఐదుగురి సంగతి ఎవరూ ఎవరినీ అడగలేదు. పోయిన ఏడులాగే బూడిదరంగు ఆకాశం, కొండ, గొర్రెల అరుపులు. హల్దోరా పుస్తకం చంకలో పెట్టుకుని నవ్వుతూ కెమెరా ముందుకు వచ్చింది.

"మీ నాన్నగారేరీ? పిలవండి."

హేతల్‌బెన్‌కు తెలుసు. మిగతావాళ్లలో చాలామందికి తెలియదు. తిరుమల ఇంగ్లీషులో రెండే మాటల్లో చెప్పింది. ఏప్రిల్‌లో పోయారని. అక్కడివాళ్లు వేసవి మొదలైందని పండుగ చేసుకున్న రోజునే అని మాత్రం చెప్పలేకపోయింది. హల్దోరా ముఖంలో నవ్వు పోయింది. కెమెరాను దించేసింది. కాసేపు బురద, రబ్బరు బూట్లు, గొర్రెల కాళ్లు మాత్రమే కనిపించాయి. మళ్లీ ముఖం కనిపించేసరికి ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. చూపిస్తాను, మీరు చూడండి అని మెల్లగా అని, దొడ్డి చుట్టూ తిప్పి చూపించింది.

అప్పుడు వంట అరలోంచి బుచ్చవ్వ వచ్చి తిరుమల పక్కన, కనకయ్య కూర్చునే చోట కూర్చుంది. ఎన్నడూ ఫోన్ ముందుకు రాని మనిషి.

"గామెను ఒక్కటడుగు. కొండమీద తప్పిపోయినయి ఉంటయి గదా. మందతోని దిగనియి. గవ్విటిని ఏం జేస్తరు?"

తిరుమల అడిగింది. హల్దోరా కొండవైపు చూసింది. తరవాత నెమ్మదిగా చెప్పింది. "లెక్క తక్కువైతే రెండోసారి కొండెక్కుతాం. రెండు మూడు వారాల తరవాత మళ్లీ ఒకసారి. కొన్ని దొరుకుతాయి. కొన్ని దొరకవు. దొరకవని తెలిసినా వెళ్తాం. వెళ్లకుండా ఇంట్లో కూర్చోలేం."

తిరుమల తెలుగులో చెప్పింది. బుచ్చవ్వ తల ఊపింది.

"మనం ఒక్కపారి గూడ పోలే బిడ్డా" అంది.

అందరి ముందూ తిరుమల ఏడ్చింది. హేతల్‌బెన్ మెల్లగా వీడియో ముగించింది.

మర్నాడు పొద్దున్నే తల్లీకూతుళ్లు లక్ష్మీరాజాన్ని తోడు తీసుకుని ఆటోలో శ్మశానానికి పోయారు. ఇప్పుడక్కడ లైను లేదు. వేపచెట్టు కింద ఎవరో ఊడుస్తున్నారు. కిటికీ దగ్గరున్న గుమాస్తా ఏప్రిల్ పుస్తకాలు మూడు తీశాడు. ఇరవైరెండో తేదీకే పేజీలు పేజీలున్నాయి. తిరుమల వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదువుతూ పోయింది. కనకయ్య లేడు. రెండోసారి చదివింది. డిండోలీ చిరునామా దగ్గర ఆగింది. 'కన్హైయాలాల్' అని రాసి ఉంది. వయసు సరిపోయింది. ఫోన్ నంబరు ఆమెదే.

"అస్థులు రెండు నెలలుంచాం బెన్" అన్నాడు గుమాస్తా. ఆయన గొంతులో విసుగు లేదు. "ఫోన్లు కూడా చేశాం. చాలామంది ఎత్తలేదు. ఎత్తే స్థితిలో లేరేమో. జూన్‌లో అందరివీ కలిపి, తాపీ నది సముద్రంలో కలిసేచోట వదిలారు."

తిరుమలకు అప్పుడు గుర్తొచ్చింది. తెలియని నంబర్లనుంచి వచ్చిన ఫోన్లను ఆ రోజుల్లో ఆమె ఎత్తలేదు.

బుచ్చవ్వకు హిందీ అర్థమవుతుంది, నాలుగు మాటలు మాట్లాడగలదు కూడా. "ఎవరు మోసిండ్రు?" అని అడిగింది.

గుమాస్తా ఊడుస్తున్న ముసలాయనను పిలిచాడు. ఆయన చీపురు పక్కనపెట్టి వచ్చి, తానూ మరి నలుగురూ సంచులు పడవలో పెట్టామని, పంతులు మంత్రం చదివాడని చెప్పాడు.

"పేర్లు చదివిండ్రా?"

"అన్నీ చదివారమ్మా. ఒక్కటి కూడా వదల్లేదు. చదవడానికే రెండు గంటలు పట్టింది."

"ఏమని చదివిండ్రు?"

ముసలాయన గుమాస్తావైపు చూశాడు. గుమాస్తా పుస్తకంలో ఉన్నది చదివాడు. బుచ్చవ్వ గట్టిగా తల అడ్డంగా ఊపింది.

"అది గాదు. మా ఆయన పేరు కనకయ్య. క-న-క-య్య."

ముసలాయన చేతులు తుడుచుకుని, దండం పెట్టి, "కనకయ్య" అన్నాడు. మొదటిసారి సరిగా రాలేదు. రెండోసారి వచ్చింది. గుమాస్తా పెన్ను తీసి, పాత పేరు కొట్టెయ్యకుండా, దాని పైన సన్నటి అక్షరాల్లో గుజరాతీలో సరైన పేరు రాశాడు. తిరుమల దాన్ని చదివి సరిపోయిందని చెప్పింది.

అక్కడినుంచి తాపీ ఒడ్డుకు పోయారు. వానలకు నీళ్లు ఎర్రగా, నిండుగా పారుతున్నాయి. బుచ్చవ్వ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మోకాళ్లలోతు దిగింది. తిరుమల ఆమె రెక్క పట్టుకుంది. లక్ష్మీరాజం చెప్పులు విడిచి మెట్టుమీద నిలబడ్డాడు. బుచ్చవ్వ దోసిట్లో నీళ్లు ముంచి వదిలింది. ఏడవలేదు. ఐదునెలలుగా రాని ఏడుపు గట్టెక్కి కూర్చున్నాక వచ్చింది. మెట్టుమీద తల ఆనించి, నీళ్లకు వచ్చినవాళ్లు తిరిగి చూస్తున్నా పట్టించుకోకుండా, ఆయన పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చింది. తాను పుట్టిననాటినుంచి ఆ పేరు ఆమె నోట తిరుమల విననేలేదు. ఈ పొద్దు రెండుసార్లయింది.

"అవ్వా, నా జ్వరమే బాపుకు తాకింది" అంది తిరుమల. ఐదునెలలు లోపల పెట్టుకున్న మాట అలా బయటికి వచ్చేసింది.

బుచ్చవ్వ తల ఎత్తి చూసింది. కళ్లు తుడుచుకోకుండానే బిడ్డ చెయ్యి లాక్కుని తన ఒడిలో పెట్టుకుంది.

"ఎవరిది ఎవరికి తాకిందో ఎవలకెరుక? గల్లీ అంత పడ్డది. నీకు గంజి కాసి పోసిండు గదా, గదే యాది పెట్టుకో."

చాలాసేపు అక్కడే కూర్చున్నారు. ఎండ ఎక్కింది. లక్ష్మీరాజం మూడు చాయ్‌లు తెచ్చి మెట్టుమీద పెట్టాడు. బుచ్చవ్వ ఒక గుక్క తాగి, కనకయ్య పెళ్లిచూపులకు గొంగడి కప్పుకునే వచ్చాడనీ, దానికి గొర్రెల వాసన వస్తుంటే తన చెల్లెళ్లు ముక్కులు మూసుకున్నారనీ చెప్పడం మొదలుపెట్టింది. ఆ సంగతి తిరుమల ఇంతకుముందు విననిది. మధ్యలో అడ్డురాకుండా విన్నది.